అత్తమ్మ తిరిగి ఇచ్చిన పసివాడు

మా అత్తమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందన్న వార్త నాకు మా బిడ్డ చెప్పింది. ఆ రోజు నేను సిరిసిల్లలో ఉన్నాను. ఇంట్లో జాకెట్లు కుడతాను కాబట్టి అస్తరు గుడ్డ కోసం అప్పుడప్పుడు అక్కడికి వెళ్తుంటాను. దుకాణం గడప దగ్గర నిలబడి గుడ్డ రంగు వెలుతురులో చూసుకుంటుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, బాపమ్మ లేస్తలేదు. అన్నం తిని పండుకున్నది, చాయ్ తాగుమని లేపితె లేస్తలేదు. బాపు మిల్లు నుంచి వచ్చిండు, ఏడుస్తుండు" అంది.

పదేళ్ల పిల్ల. ఇప్పుడే వస్తున్నా అంటూ గుడ్డ అక్కడే వదిలేసి గడప దిగాను. మళ్లీ తనే అంది: "నువ్వు ఉరుకకు అమ్మా. మెల్లగ బస్సు ఎక్కి రా. నేను బాపమ్మ చెయ్యి పట్టుకొనే కూసున్న."

కోరుట్ల చేరేదాకా బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఆ ఏడుపులోనే నా మనసు స్తోత్రం చెప్పుకుంది. ఉరుకకు, మెల్లగ రా అనేది అత్తమ్మ మాట. ఆ మాట మా బిడ్డ నోట్లోకి వచ్చి చేరింది. మా ఇంట్లో ఒక పసిబిడ్డ కోసం అందరికంటే ఎక్కువ తొందరపడాల్సిన మనిషి అత్తమ్మ. అందరికంటే ఎక్కువ ఆగింది కూడా ఆమెనే. ఆమె ఆగకపోయి ఉంటే నాకు ఆ ఫోన్ చేసే బిడ్డ ఉండేది కాదు. ఆ సంగతి రాసుకుందామనే ఈ నాలుగు మాటలు.

ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్లలో చాలామందికి ఆమె తెలియదు. కోరుట్లలో మా సంఘం వాళ్లకు మాత్రం బాగా తెలుసు. మందిరంలో ఆడవాళ్ల వైపు చివర, గోడకు ఆనుకుని చాప మీద కూర్చునే బీడీల అవ్వ. చదువు లేదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా పాట మాత్రం ఒక్క చరణం తప్పేది కాదు. పుట్టింది గొల్లపల్లి వైపు. గుంట భూమి లేని ఇల్లు. చిన్నప్పటి నుంచి ఒకరి పొలంలో నాట్లు, ఒకరి చేన్లో కలుపు. మామయ్య తొందరగా పోయాడు. ఒక్క కొడుకును చంకన వేసుకుని బాప్తిస్మం తీసుకున్నానని చెప్పేది. నడుము వంగని రోజులొచ్చాక బీడీలకు కూర్చుంది. తునికాకు వాసన ఆమె చేతులకు, చీరకు, ఆమె పెట్టే అన్నం ముద్దకు కూడా ఉండేది.

నేను పెళ్లయి వచ్చినప్పుడు వాళ్లు సిరిసిల్లలో ఉండేవారు. మా ఆయన సాంచల మీద పని చేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. సాంచల యజమాని ఇంటి వెనక రెండు గదుల్లో మా కాపురం. పొద్దంతా ఆ చప్పుడే. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. అందుకని అత్తమ్మ దేవునితో కూడా అరిచే మాట్లాడేది. బీడీలు చుడుతూనే ప్రార్థన చేసేది. కళ్లు మూసుకోవాలి గదా అత్తమ్మా అంటే, "కండ్లు మూస్తె ఆకు వంకర పోతది బిడ్డా. దేవునికి నా నోరు చాలు, కండ్లతోని ఏం పని" అనేది.

ఒకరోజు అట్లాగే గట్టిగా ప్రార్థన చేస్తుంటే కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. "ప్రభువా, నా కోడలి ఒడి నింపు" అన్న మాట వాడ మొత్తానికి వినిపించింది. యజమాని భార్య గోడ మీంచి తల పెట్టి నవ్వింది.

"ఏందవ్వా, నీ కోడలి ముచ్చట ఊరందరికి చాటుతున్నవ్!"

నేను సిగ్గుతో లోపలికి పారిపోయాను. అప్పటినుంచి ఆమె కనిపించినప్పుడల్లా అడిగేది: "ఇంకా ఇనలేదా అవ్వా మీ దేవుడు?"

"ఆయన ఇన్నడమ్మా. మీ సాంచల సప్పుడుకు ఆయన చెప్పిన జవాబే నాకు ఇనవడ్తలేదు" అనేది అత్తమ్మ.

ఆమె వేళాకోళం చేసినా మనసు మంచిది. కొండగట్టు అంజన్న గుడికి పోయినప్పుడు నా పేరు మీద కూడా మొక్కుకుని వచ్చానని చెప్పింది. అత్తమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నా కోడలిని యాది చేసుకున్నవ్ గదా బిడ్డా, సంతోషం" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ తక్కువ అనలేదు.

పిల్లలు కలగరని డాక్టర్లు తేల్చి చెప్పాక చుట్టాల్లో ఒకరు, మా ఆయనకు మళ్లీ పెళ్లి చేయమని అత్తమ్మకు సలహా ఇచ్చారు. నేను వంటింట్లో వింటున్నాను. "మరి నా కోడలు ఏడికి పోవాలె?" అని అడిగింది అత్తమ్మ. తల్లిగారింటికి పోతదన్నారు. "గిదే దాని ఇల్లు. పోతె నేను, అది కలిసి పోతం. మీరు వచ్చి వీనికి అన్నం వండిపెట్టుండ్రి" అంది. ఆ చుట్టాలు చాయ్ సగంలో వదిలేసి లేచారు.

దత్తత మాట మొదట మా ఆయన తెచ్చాడు. అత్తమ్మ ఏమంటుందోనని ఇద్దరం భయపడ్డాం. ఆమె చేతిలో కత్తెర ఆపలేదు, ఆకు కత్తిరిస్తూనే అడిగింది.

"గా పిల్లలు ఏడుంటరు?"

"శిశుగృహంల ఉంటరు అవ్వా."

"ఎవలు పండవెడ్తరు?"

"ఆయాలు."

"ఒక్క ఆయాకు ఎంతమంది పిల్లలు?"

"తెలువదు."

"గది కూడ తెలుసుకోకుంట వచ్చినవా! పో, మన పేరు రాయించి రా."

పేరు రాయించాం. ఆ మధ్యే సిరిసిల్లలో పని తగ్గిపోయి కోరుట్లకు మారాం. మా ఆయనకు రైస్ మిల్లులో పని దొరికింది. కొన్నాళ్లకు మా ఇల్లు చూడడానికి పిల్లల ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. మమ్మల్ని అడగాల్సినవన్నీ అడిగి, చివరికి అత్తమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, రేపు ఆ పిల్ల మీ రక్తం కాదని ఎవరైనా అంటే ఏం చేస్తారు?"

"ఈ కోడలు నా రక్తమా మేడం? ఇన్నేండ్ల సంది నాకు అన్నం పెడ్తలేదా?"

మేడం నవ్వింది. వెళ్లేముందు ఒక మాట గట్టిగా చెప్పింది. ఎవరైనా బిడ్డను చేతికి ఇస్తామంటే తీసుకోవద్దు, అది నేరం. కన్నతల్లి ఆఫీసులో ఒప్పుకుని ఇచ్చినా, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలలు గడువు ఉంటుంది. ఆ తర్వాతే ఆ బిడ్డ ఇంకో ఇంటికి వస్తుంది. అత్తమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. "రెండు నెలలా? మంచి పని చేసిండ్రు" అంది. మాకేమో ఇంకా ఎన్నాళ్లు ఆగాలో అన్న దిగులే తప్ప అందులో మంచి కనిపించలేదు.

ఎదురుచూడడం ఎట్లా ఉంటుందో అనుభవించిన వాళ్లకు చెప్పక్కరలేదు. ఫోన్ మోగితే కుట్టు ఆపి ఉరికేదాన్ని. సంఘంలో ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని ఎత్తుకుని, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థనకు ముందుకు వెళ్తుంటే, నేను చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి బావి దగ్గర బట్టలు ఉతికేదాన్ని. మా ఇంటికి వచ్చిన దైవజనులందరూ ఒకే వాక్యం చదివేవారు. పిల్లలు లేని ఒక తల్లి మందిరంలో ఏడ్చి ప్రార్థిస్తే కొడుకు పుట్టిన వాక్యం. ఎవరొచ్చినా అదే. ఒకసారి బయటి ఊరి బోధకుడు వచ్చి ఆ పేజీ తిప్పబోతుంటే అత్తమ్మ చేతులు జోడించింది.

"అయ్యగారూ, మీ కాల్మొక్త. ఆ తల్లి ముచ్చట మాకు నోటికొచ్చింది. ఇయ్యాల వేరేది చదువుండ్రి. రొట్టెలు, చేపలు పంచిన ముచ్చట ఉన్నది గదా, అది చదువుండ్రి. నా కోడలు చేపల కూర వండింది."

ఆ రోజు నేను చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వాను.

ఇక జగిత్యాల సంగతి.

ఒక శనివారం మధ్యాహ్నం మా సంఘంలోని ఒక సహోదరి ఆయాసపడుతూ వచ్చింది. జగిత్యాలలో ఒక చిన్న దవాఖానలో ఆయాగా చేసేది, వారానికొకసారి ఇంటికి వచ్చేది. గడప దాటకముందే మొదలుపెట్టింది.

"అక్కా, మీ ప్రార్థన దేవుడు ఇన్నడు! మగపిల్లగాడు. నిన్ననే పుట్టిండు. తల్లి ఇంకా చిన్నపిల్ల, పెండ్లి కాలేదు. ఎవలకన్న ఇచ్చి పోదమంటుండ్రు. సోమవారం పొద్దుగాల ఒక మెత్తటి గుడ్డ పట్టుకొని రాండ్రి, చాలు."

"మరి ఆఫీసుల చెప్పద్దా?" అన్నాడు మా ఆయన.

"దేవుడిచ్చినంక ఆఫీసెందుకన్నా?"

మేడం చెప్పిన మాట మా ముగ్గురికీ గుర్తుంది. కానీ ఆ వార్త తెచ్చింది విశ్వాసురాలు. తెచ్చింది ఆరాధనకు ముందు రోజు. మేము అంతకుముందు వారమే ఉపవాస ప్రార్థన ముగించి ఉన్నాం. ఇంకే రుజువు కావాలనిపించింది. అత్తమ్మ కూడా చాప మీదే మోకాళ్లూని "నా ప్రభువా, నా ప్రభువా" అని ఏడ్చింది, నవ్వింది.

మరునాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే మా ఆయన లేచి నిలబడ్డాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి. "దేవుడు మాకు కొడుకునిచ్చిండు. రేపు తీసుకొస్తున్నం" అన్నాడు. మందిరమంతా చప్పట్లు, స్తోత్రాలు. ఆరాధన అయిపోయాక ఆడవాళ్లు ఇళ్లకు ఉరికి, తమ పిల్లలకు పొట్టివైన చొక్కాలు, టోపీలు, కాటుక డబ్బా కూడా తెచ్చి మూట కట్టి ఇచ్చారు. బిడ్డ ఇంటికి రాకముందే సాక్ష్యం చెప్పేశాం. విశ్వాసమంటే అట్లాగే ఉండాలనుకున్నాం.

సోమవారం పొద్దున ముగ్గురం జగిత్యాల వెళ్లాం. దవాఖాన వెనక గదిలో వాణ్ని కన్న పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన ఆమె తల్లి కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే ఆ తల్లి పసివాణ్ని తీసి అత్తమ్మ ఒడిలో పెట్టింది. నల్లటి జుట్టు, ముడుచుకున్న పిడికిళ్లు. నేను వాడి పాదం మీద వేలు పెట్టాను. వాడు కాలు ముడుచుకున్నాడు. అత్తమ్మ వాడి నుదుటి మీద ముద్దు పెట్టి, వాడి మీద చెయ్యి ఉంచి సన్నగా ప్రార్థన చేసింది. ఆమె అంత సన్నగా ప్రార్థన చేయడం నేను వినడం అదే మొదలు.

తర్వాత తలెత్తి, "పాలిచ్చినవా బిడ్డా?" అని ఆ పిల్లను అడిగింది.

ఆమె తల్లే జవాబు చెప్పింది. "నేనే ఇయ్యనియ్యలే. ఇస్తె పాశం పడ్తది."

అత్తమ్మ ఆ పిల్ల వీపునే కొంతసేపు చూసింది. పాలు పొంగి ఆమె రవిక చంక కింది దాకా తడిసిపోయి ఉంది. "మీరిద్దరు జర బయట నిలవడుండ్రి" అని మాకు చెప్పింది.

మేము బయట నిలబడ్డాం. మా ఆయన ఫోన్లో మిల్లు వాళ్లకు మిఠాయి సంగతి చెబుతున్నాడు. గది తెర అవతల నుంచి ఏడుపు వినిపించింది. పసివాడిది కాదు, ఆ పిల్లది. ఆ తర్వాత అత్తమ్మ గొంతు. కొంతసేపటికి ఆమె బయటికి వచ్చింది. రెండు చేతులూ ఖాళీ. సంఘం ఆడవాళ్లు ఇచ్చిన మూట కూడా లేదు.

"పోదం నడువుండ్రి" అంది.

"పిల్లగాడేడి అవ్వా?"

"వాళ్ల అవ్వ దగ్గర పాలు తాగుతుండు."

మా ఆయన ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "ఇస్తమన్నరు గదా!"

"ఆ పిల్ల ఇస్తలేదు కొడుకా. ఆ పిల్ల తల్లి ఇస్తున్నది."

"దేవుడిచ్చిండని నిన్న అందరి ముందట చెప్పినం గదనే! ఇప్పుడు ఏం మొకం పెట్టుకొని పోవాలె?"

"దేవుడిస్తె ఆ పిల్ల గట్ల గోడకు తిరిగి ఉండదు. మనం చెప్పింది తప్పని మనమే చెప్పుకుందం, పా."

ఆయా సహోదరికి కోపం వచ్చింది. ఆమె మా మంచికే ఇంత తిరిగింది. "చేతికొచ్చిన పిల్లగాన్ని వద్దంటిరి. ఇగ ప్రార్థనలు ఎందుకు చేస్తరక్కా మీరు?" అంది. అత్తమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు వాళ్లను జర చూసుకో" అని మాత్రం అంది.

లోపల ఏం మాట్లాడావని తర్వాత అడిగాను. పెద్దగా ఏమీ లేదు. ముందు పాలు పట్టనివ్వమందట. ఇవ్వాలనే అనుకుంటే ఆఫీసుకు పోండి, అక్కడ పిల్లకు ఆలోచించుకోవడానికి రెండు నెలలు ఇస్తారని చెప్పిందట. ఉంచుకుంటే ఊళ్లో కొన్నాళ్లు అంటారు, తర్వాత వాళ్లకే నోళ్లు నొస్తాయి అందట.

కోరుట్ల బస్సులో నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా వేలికి ఇంకా ఆ పాదం తగులుతున్నట్టే ఉంది. అత్తమ్మ నా తల తన భుజానికి ఆనించుకుంది. "ఏడువు బిడ్డా, ఆపుకోకు. నేను ఇంటికి పోయినంక ఏడుస్త. ఇద్దరం ఒక్కపారే ఏడిస్తె వీడు బస్సుల బేజారైతడు." నిజంగానే ఇంటికి వెళ్లాక పెరట్లో కూర్చుని చీకటి పడేదాకా ఏడ్చింది. ఆ పసివాణ్ని నాకంటే ఎక్కువసేపు ఎత్తుకున్నది ఆమె.

తర్వాతి ఆదివారం మా ఆయన ఆరాధనకు రానన్నాడు. అత్తమ్మ బలవంతం చేయలేదు. సాక్ష్యాల సమయంలో ఆమె గోడ పట్టుకుని లేచింది. అన్నేళ్లలో ఆమె మందిరంలో నిలబడి మాట్లాడింది లేదు.

"పోయిన ఐతారం నా కొడుకు చెప్పిన సాక్ష్యం నేను వాపస్ తీసుకుంటున్న" అంది. "దేవుడు ఇచ్చిండని చెప్పినం. ఆయన ఇయ్యలే. మేమే తీసుకోబోయినం. మీరిచ్చిన బట్టలు ఆ పిల్లగానికే తొడిగి వచ్చిన, తప్పనుకోకుండ్రి. మాకోసం మళ్లొక్కపారి మొదటిసంది ప్రార్థన చెయ్యుండ్రి."

పాస్టరుగారు తల దించుకున్నారు. తర్వాత, "పిల్లగాడు ఎట్ల వస్తున్నడని నేను కూడ అడుగలేదమ్మా" అన్నారు. అంతే. అందరం మోకాళ్ల మీదికి వంగాం.

ఆ రోజు నుంచి అత్తమ్మ ప్రార్థన మారిపోయింది. నేను అది గమనించడానికి చాలా రోజులు పట్టింది. అంతకుముందు "ఇయ్యి ప్రభువా, ఇయ్యి" అని అడిగేది. ఇప్పుడు ఇయ్యమనడం మానేసింది. "ఏడున్నదో మా బిడ్డ, దానికి ఇయ్యాల కడుపునిండ అన్నం దొరకాలె. జరమొస్తె ఎవరన్న ఒళ్లు తుడువాలె. దాన్ని కన్నతల్లి ఏడున్నదో, ఆమె కండ్లు తుడువు. జగిత్యాల పిల్లను, పిల్లగాన్ని సల్లగ చూడు" అని అడిగేది. మా బిడ్డ ఎక్కడో అప్పటికే ఉన్నట్టు, మేమే ఇంకా చేరుకోనట్టు మాట్లాడేది. వినగా వినగా నాకు కూడా ఖాళీ ఒడి మీద నుంచి మనసు మళ్లింది. ఏ ఊళ్లో ఏ చాప మీద కూర్చుందో ఆ పిల్ల అని తలచుకోవడం అలవాటైంది. ఎదురుచూపులోనే ఒక రకమైన పెంపకం మొదలైంది. జగిత్యాల పిల్లకు, పిల్లగానికి ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు. అయినా మా ఇంటి ప్రార్థనలో వాళ్లు ఏ రోజూ తప్పలేదు.

వానాకాలంలో ఒకరోజు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల, రెండేళ్లు నిండాయి, వేరే జిల్లా శిశుగృహంలో ఉందన్నారు. కావలసిన పనులన్నీ పూర్తయ్యాక తెచ్చుకోవడానికి ముగ్గురం బయలుదేరాం. అత్తమ్మ మాకు ఒకటే చెప్పింది.

"పోంగనే మీద పడకుండ్రి. దానికి మనం కొత్త. ముందు అది మనలను చూసుకోవాలె."

అక్కడ పిల్లను తెచ్చి మా ముందు నిలబెట్టారు. పేరు వెన్నెల. కత్తిరించిన జుట్టు, పెద్ద కళ్లు. ఆయా చీర వదలలేదు. నేను చేతులు చాచబోయి ఆపుకున్నాను. అత్తమ్మ మాత్రం కింద నేల మీద కూర్చుని, పిల్లవైపు చూడనే చూడకుండా, కొంగు చివర ముడి వేయడం, విప్పడం మొదలుపెట్టింది. వేసింది, విప్పింది. కొంతసేపటికి వెన్నెల ఆయాను వదిలి రెండడుగులు వచ్చింది. ఇంకొంతసేపటికి దగ్గర కూర్చుంది. ఆ ముడి తను విప్పింది. అత్తమ్మ మళ్లీ వేసింది. అట్లా ఆడుతూ ఆడుతూ పిల్ల ఆమె మోకాలికి ఆనుకుని నిద్రపోయింది. మేము పిల్లను ఎత్తుకుని కాదు, అత్తమ్మను కదలకుండా కూర్చోబెట్టి ఆ పూటంతా గడిపాం. ఆమె కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతే ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చింది.

సంఘంలో కొందరు బైబిలు పేరు పెట్టమన్నారు. "ఏ పేరు పిలిస్తె తిరిగి చూస్తదో గదే దాని పేరు. మన తానకు వచ్చినప్పుడు అదొక్కటే తెచ్చుకున్నది, అది కూడ గుంజుకుంటమా?" అంది అత్తమ్మ. వెన్నెల వెన్నెలగానే ఉండిపోయింది.

మొదట్లో పిల్ల తిన్నంత తిని, మిగిలింది దాచుకునేది. దిండు కింద రొట్టె ముక్కలు, నా కుట్టుమిషన్ సందులో అన్నం ముద్దలు. చీమలు పట్టేవి. నాకు ఏం చేయాలో తోచేది కాదు. అత్తమ్మ ఒక స్టీలు డబ్బా కడిగి, అందులో మురమరాలు పోసి, పిల్లకు అందే ఎత్తులో పెట్టింది. "గిది నీది. ఎప్పుడన్న తిను. ఎవలు తీయరు" అని చెప్పింది. పిల్ల గంటకొకసారి వెళ్లి మూత తీసి చూసేది. తినకపోయినా చూసేది. అత్తమ్మ ఆ డబ్బాను ఎప్పుడూ సగానికి దిగనివ్వలేదు. ఒకరోజు మూత తీస్తే మురమరాలు మెత్తబడి వాసన వస్తున్నాయి. పిల్ల చూడడం మానేసి వారం దాటిందన్నమాట. అత్తమ్మ ఆ డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లలా నవ్వింది. "మర్చిపోయింది బిడ్డా! చూడు, మర్చిపోయింది!"

ఈసారి సాక్ష్యం చెప్పడానికి మా ఆయన తొందరపడలేదు. అత్తమ్మే ఆపింది. "అది మనలను పిలిచినంక చెప్దం." వెన్నెల మొదట పిలిచింది బాపమ్మనే. మా ఆయన అలిగాడు కూడా. "నేను తెచ్చిన బిస్కెట్లు తిని నిన్ను పిలుస్తది చూడు" అన్నాడు. నన్ను అమ్మా అన్నది ఒక మధ్యాహ్నం, మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి, ఇది తిప్పనా అని అడుగుతూ. నేను ఏ ఒడి కోసం ఏడ్చానో అది ఆ మాటతో నిండింది. ఆ ఆదివారం నలుగురం ముందుకు వెళ్లి నిలబడ్డాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే పిల్ల ఆయన కళ్లజోడు లాగింది.

పిల్లకు నిజం చెప్పొద్దని చాలామంది అన్నారు. అత్తమ్మ దానికి జడ వేస్తూ వేస్తూ మొదటినుంచీ చెబుతూనే వచ్చింది. "నువ్వు ఆడ ఉంటివి, మేము గీడ ఉంటిమి. నడుమ తొవ్వ తెలువక మస్తు దినాలు ఆగినం." పిల్ల అది కథలా మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. ఒకసారి కిరాణా దుకాణంలో ఒకామె మెచ్చుకోలుగానే, "కన్నబిడ్డ లెక్కనే చూసుకుంటుండ్రు" అంది. అత్తమ్మ ఊరుకోలేదు. "లెక్కనే ఏంది చెల్లే? గిదేమన్న నకిలీ నోటా?" దుకాణం వాడు కూడా నవ్వాడు.

అత్తమ్మకు చివరి రెండేళ్లు చూపు మందగించింది. బీడీలు మానేసింది. వెన్నెల బడి నుంచి రాగానే ఆమె పక్కన కూర్చుని వాక్యం చదివి వినిపించేది. తప్పు చదివితే, చదువురాని మనిషి, "ఆగు, ఒక మాట ఎగిరిపోయింది" అని పట్టుకునేది. బాధ పడకుండా, ఎవరినీ బాధ పెట్టకుండా, పగటి నిద్రలోనే వెళ్లిపోయింది. నేను చేరేసరికి మా బిడ్డ చెప్పినట్టే చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

మరునాడు సమాధి కార్యక్రమం. మా ఊళ్లో అలవాటు ప్రకారం పెట్టెను దించాక ఇంటివాళ్లు ముందు, తర్వాత మిగతావాళ్లు వరుసగా తలా పిడికెడు మట్టి వేస్తారు. గొల్లపల్లి నుంచి వచ్చిన అత్తమ్మ తమ్ముడు ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. మా ఆయన వేశాడు. నేను వేశాను. గట్టి చెల్క మట్టి, పెట్టె మీద గడ్డలు టపటపమని పడ్డాయి. ఆ చప్పుడుకు మా బిడ్డ ఉలిక్కిపడడం నేను చూశాను.

"మనుమరాలు రావాలె" అన్నాడు ఆ పెద్దాయన.

వెన్నెల వంగి మట్టి తీసుకుంది. గడ్డ. వేయలేదు. రెండు చేతుల మధ్య పెట్టి నలపడం మొదలుపెట్టింది. ఒక గడ్డ చిదిపింది, ఇంకో గడ్డ చిదిపింది, రాయి దొరికితే ఏరి పక్కన పడేసింది. వెనక నుంచి ఎవరో, "వెయ్యు బిడ్డా, ఎండ అయితున్నది" అన్నారు. పెద్దాయన వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తి వాళ్లను ఆపాడు. పిల్ల తల ఎత్తలేదు. మట్టి పిండిలా అయ్యాక గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని, వేళ్ల సందుల్లోంచి మెల్లగా జారనిచ్చింది. చప్పుడు లేకుండా పడింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. వరుసలో నిలబడ్డ వాళ్లందరూ, సిరిసిల్ల నుంచి వచ్చిన సాంచల యజమాని భార్య, పాస్టరుగారు, మిల్లు హమాలీలు, తమ చేతుల్లో ఉన్న మట్టిని వేళ్లతో నలుపుతూ నిలబడి ఉన్నారు.